గడ్డం గీసేదాకా ఆగే బస్సు

మా ఊరిని టౌనువాళ్ళు పల్లెటూరనేవాళ్ళు. మాకు అవతలున్న పల్లెటూళ్ళవాళ్ళు మమ్మల్ని టౌనువాళ్ళనేవాళ్ళు. రెండువైపుల నుంచీ వెక్కిరింపే తప్ప మర్యాద ఎటునుంచీ వచ్చేది కాదు. కుళాయిలు టౌనువి, వాటిలో నీళ్ళు మాత్రం పల్లెటూరివి. అంటే వాటికి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేవి. రోడ్డు మొదట్లో ఒక మూడంతస్తుల మేడ ఉండేది. దాని ముందు గేదె కట్టేసి ఉండేది. కింది వాటాలో అద్దెకున్నవాళ్ళ కంటే ఆ గేదెకే గాలీ వెలుతురూ ఎక్కువ.

మీ ఊరెక్కడ అని ఎవరైనా అడిగితే "చివరి స్టాపు" అని చెప్పి ఊరుకునేవాళ్ళం. టౌను నుంచి వచ్చే రోడ్డు మా ఊళ్ళో ఇటుక బట్టీ గోడ దాకా వచ్చి, ఇంక నా వల్ల కాదన్నట్టు ఆగిపోయేది. బస్సు ఆ గోడ ముందు ఆయాసపడుతూ వెనక్కి తిరిగి నిదానం కటింగు షాపు ముందు నిలబడేది. ఇప్పుడు ఆ చివరి స్టాపు ఎక్కడికో జరిగిపోయింది. గోడా లేదు, గేదే లేదు. కానీ పొద్దున్నే బస్సు హారను వినబడితే నాకు ముందు సబ్బు నురగ వాసన గుర్తొస్తుంది.

నిదానం అసలు పేరు వేరే. వాళ్ళమ్మ పెట్టిన పేరు వాళ్ళమ్మతోనే పోయింది. అతని చేతి వేగం చూసి ఊరు పెట్టిన పేరే మిగిలింది. అతని కుర్చీలో కూర్చోబోయే ముందు ఇంట్లో చెప్పి వెళ్ళడం మంచిదనేవాళ్ళు. కత్తి పదును పెట్టడం ఒక పని, నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మోచేత్తో చూడటం ఒక పని, చూసినదాని గురించి ఆలోచించడం ఇంకో పని. షాపులో ఉన్నదల్లా ఒక కుర్చీ, ఒక అద్దం, బయట ఒక బెంచీ. అద్దానికి ఎడమ పక్కన రసం పోయి నల్లబడింది. అందుకని మా ఊరి మగవాళ్ళెవరూ తమ ఎడమ చెంప ఆ షాపులో చూసుకుని ఎరగరు. షాపు వెనకాల తెర, తెర వెనకాల వంటిల్లు, అదే నిదానం సంసారం.

నేను టౌనులో ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవాణ్ణి. ఎనిమిది గంటల బస్సుకు వెళ్ళేవాణ్ణి. ఆ బెంచీ మీద పొద్దుటి వెలుతురు బాగుండేది గనక కాస్త ముందే వచ్చి పుస్తకం తెరుచుకుని కూర్చునేవాణ్ణి. బస్సు ఎంత ఆలస్యమైతే నాకు అన్ని పేజీలు లాభం.

ఆలస్యం కాని రోజంటూ ఉండేది కాదు. దానికి కారణం పాత డ్రైవరు గారి గడ్డం. ఆయన రోజూ మా ఊళ్ళోనే గడ్డం గీయించుకునేవాడు. బస్సు ఎనిమిదింటికి బయల్దేరాలని కాగితం మీద ఉండేది కానీ, గడ్డం పూర్తవకుండా డ్రైవరు లేవడు, డ్రైవరు లేవకుండా బస్సు కదలదు. మా ఊళ్ళో గడియారాలు లేవని కాదు. పొద్దుటిపూట వాటి మొహం ఎవరూ చూసేవాళ్ళు కాదు, అంతే. సందు మొదట్లోంచి ఎవరో కేక పెట్టేవాళ్ళు.

"నిదానం బాబాయ్! టీచరమ్మ ఇంకా జడేసుకుంటోంది!"

నిదానం వెంటనే డ్రైవరు గారి చెంప మీద వేలితో రాసి, ఏదో ఘోరమైన లోపం కనబడినట్టు నొసలు ముడిచి, "కొంచెం గరుగ్గా ఉంది సార్, ఇంకో చెయ్యి వేస్తాను" అని మళ్ళీ నురగ పట్టించేవాడు.

"మావా! నా రెండో చెప్పు కనబడట్లేదు!" అని మరో కేక. ఇది బ్యాంకల్లుడు. టౌను బ్యాంకులో గుమాస్తా, మా ఊరి అల్లుడు. అత్తారింట్లోనే కాపురం గనక ఆయన వస్తువేదీ ఆయన పెట్టిన చోట ఉండేది కాదు. ఆ చెప్పు దొరికేదాకా డ్రైవరు గారి గడ్డం కింద ఇంకో చెయ్యి పడేది. ఊరంతా ఎక్కిందని తేలాక నిదానం తువ్వాలు విదిలించేవాడు. అదే మాకు పచ్చజెండా.

"ట్రాఫిక్ పోలీసు చెయ్యెత్తి బస్సాపుతాడు. నేను చెయ్యి దించకుండా ఆపుతా" అనేవాడు నిదానం. ఆ మాట అన్నప్పుడు మాత్రం అతని గొంతు కాస్త తొందరగా పలికేది.

పాత డ్రైవరు గారు రిటైరైన రోజున నిదానం భుజం మీద చెయ్యి వేసి, "ఇన్నేళ్ళూ నా గడ్డం అంత గరుకని నేను నమ్మాననుకున్నావుటయ్యా? నా చెంపలు చూసి మా ఆవిడ రోజూ తోమిన గిన్నెల్లా ఉన్నాయనేది" అన్నాడు.

నిదానం మొహం మాడిపోయింది. "మరి ఒక్క మాటైనా అన్లేదేం సార్?"

"నీ కుర్చీలో పట్టినంత కునుకు నాకు మా ఇంట్లో పట్టదయ్యా" అని పెద్దాయన వెళ్ళిపోయాడు.

సరిగ్గా ఆ వారంలోనే నిదానం భార్యకి ఉద్యోగం వచ్చింది. నేను ఆవిణ్ణి వదినా అని పిలిచేవాణ్ణి. ఊరంతటికీ జాకెట్లూ గౌన్లూ కుట్టి పెట్టేది. అయినా ఊరు ఆవిణ్ణి నిదానం భార్య అనే పిలిచేది. టౌను పొలిమేరలో చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ పెట్టారు. అక్కడ కాలర్లు కుట్టే మిషను మీద ఆవిణ్ణి నెల రోజులు పరీక్షగా తీసుకున్నారు. సైరన్ మోగగానే గేటు మూస్తారు. పనీ పద్ధతీ రెండూ నచ్చితేనే ఉంచుకుంటారు.

"లోపల గోడకి వరసగా మేకులు కొట్టి ఉంటాయి మరిదీ" అని బెంచీ దగ్గర నిలబడి చెప్పింది. "ఒక్కో మేక్కీ ఒక్కో బిళ్ళ. నాది కూడా ఉంది. పొద్దున తీసి మెళ్ళో వేసుకోవాలి, సాయంత్రం మళ్ళీ తగిలించి రావాలి. దాని మీద నా పేరుంది. పెళ్ళయ్యాక నా పేరు రాసి ఉండగా చూడటం ఇదే. నిన్న ఓ పిల్లొచ్చి పేరు పెట్టి పిలిస్తే, ఎవర్నో అనుకుని వెనక్కి తిరిగి చూశాను."

షాపు లోపలి నుంచి నిదానం నవ్వాడు. "నువ్వేం కంగారు పడకు. వంట ముగించుకుని, తల దువ్వుకుని, అద్దంలో రెండుసార్లు చూసుకుని మరీ రా. ఎనిమిదింటి బస్సు నా గుప్పిట్లో ఉంది. నేనుండగా నీ బస్సెలా పోతుంది?"

మర్నాడు కొత్త డ్రైవరు వచ్చాడు.

బస్సు వచ్చింది, గోడ ముందు తిరిగింది, ఆగింది. నిదానం కుర్చీ దులిపి, తువ్వాలు భుజాన వేసుకుని, పెళ్ళివారిని ఆహ్వానించేవాడిలా గుమ్మంలో నిలబడ్డాడు. డ్రైవరు దిగలేదు. కిటికీలోంచి తల మాత్రం బయటపెట్టాడు. ఈ చెవి నుంచి ఆ చెవిదాకా దట్టంగా గడ్డం. నిదానం తువ్వాలు భుజం మీంచి జారి కిందపడింది.

కొత్తాయన చేతి గడియారం చూసుకున్నాడు, హారను కొట్టాడు, వెళ్ళిపోయాడు. బస్సులో కండక్టరూ, ఎవరిదో కోళ్ళ బుట్టా తప్ప ఇంకో ప్రాణి లేదు. నేను పేజీ చివరికొచ్చి తలెత్తేసరికి రోడ్డు మీద దుమ్ము మాత్రం మిగిలింది.

కాసేపటికి టీచరమ్మ జడ చివర ముడి వేసుకుంటూ వచ్చింది. ఆవిడ టౌను బళ్ళో పిల్లలకి సమయపాలన గురించి పాఠం చెప్పే టీచరు. "బస్సింకా రాలేదా బాబాయ్?"

నిదానం వంగి కిందపడ్డ తువ్వాలు తీసి దులిపాడు. బ్యాంకల్లుడు వచ్చి ఖాళీ కుర్చీ వంక చూసి, "డ్రైవరు గారి గడ్డమే మొదలవలేదు. బస్సెలా వస్తుంది?" అని బెంచీ మీద నా పక్కన చతికిలబడ్డాడు.

"వచ్చింది అల్లుడూ."

"వస్తే ఏదీ?"

"పోయింది."

"గడ్డం గీయకుండా ఎలా పోతుంది మావా?"

"గడ్డం ఉంది గనకే పోయింది."

ఈ జవాబు ఎవరికీ అర్థం కాలేదు. వచ్చినవాళ్ళు వచ్చినట్టు షాపులోకి తొంగి చూసి, కుర్చీ ఖాళీగా ఉంది గనక బస్సు ఇంకా రాలేదని తీర్మానించుకుని, నింపాదిగా నిలబడ్డారు. కళ్ళారా చూసిన నిదానం మాట కంటే ఖాళీ కుర్చీ సాక్ష్యమే గట్టిదయింది. చివరికి వదిన డబ్బా సంచీతో వచ్చింది. ఆవిడ కుర్చీ చూడలేదు. మొగుడి మొహం చూసింది. చూడగానే అర్థమైపోయింది.

ఆ రోజు తర్వాతి బస్సుకు వెళ్తే ఫ్యాక్టరీ సూపర్‌వైజరు గేటు తీయించాడు గానీ, నలుగురి ముందూ నాలుగు మాటలన్నాడట.

అప్పట్నుంచి ఊరంతా కొత్త డ్రైవరు మీద పడింది. నిదానం రోజూ టీ తీసుకెళ్ళి ఇచ్చాడు. ఆయన సీట్లోనే కూర్చుని, ఇంజను ఆపకుండా తాగి, గ్లాసు కిటికీలోంచి తిరిగిచ్చాడు. తలకి మాలిషు చేస్తానన్నాడు. నా తల బాగానే ఉందన్నాడాయన.

"గడ్డం తీసేశారంటే మీరు సినిమా హీరోలా ఉంటారు సార్" అని బ్యాంకల్లుడు తేనె పూశాడు.

"స్కూలు పిల్లాడిలా ఉంటాను" అన్నాడు డ్రైవరు, ఏమాత్రం సిగ్గుపడకుండా. "ఓసారి తీశాను. ఒక పెద్దావిడ బస్సెక్కి, బాబూ, మీ నాన్న ఎప్పుడొస్తాడు, బస్సెప్పుడు తీస్తాడు అనడిగింది. మళ్ళీ దాని జోలికి పోలేదు. ఎనిమిదవుతోంది, తప్పుకోండి. నాకు టైమంటే టైమే."

మేడవాళ్ళ గేదెను రోడ్డుకు అడ్డంగా నిలబెట్టి చూశారు. హారను మోగగానే అది మర్యాదగా పక్కకు తప్పుకుంది. ఊరి పరువు తీసిందని కొన్నాళ్ళు దాని మీద అందరికీ కోపం.

ఇంత జరుగుతున్నా కాస్త ముందు లేద్దామన్న ఆలోచన మాత్రం ఎవరికీ రాలేదు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు తప్పంతా గడ్డానిదే అన్నారు. కొందరు నిదానాన్నే అన్నారు. "నీ గుప్పిట్లో ఏదో ఉందనుకున్నాం మావా. ఉత్త గుప్పిటే" అన్నాడు బ్యాంకల్లుడు. ఆ మాటకి నిదానం రెండు రోజులు ఎవరి గడ్డమూ సరిగ్గా గీయలేదు.

వదిన రెండోసారి కూడా ఆలస్యమైంది. ఆ సాయంత్రం నేను బస్సు దిగి, పొద్దున బెంచీ మీద మరిచిపోయిన పుస్తకం కోసం వెళ్తే, తెర వెనకాల మాటలు వినబడ్డాయి. మా ఊళ్ళో ఇళ్ళు అంత దగ్గర దగ్గరగా ఉండేవి, వినకూడదనుకున్నా చెవులు మూసుకోవడానికి చోటు చాలదు.

"ఇంకోసారైతే బిళ్ళ టేబులు మీద పెట్టి వెళ్ళమ్మా అన్నాడు" అంటోంది వదిన. "నీ కత్తిని నమ్ముకుని ఉద్యోగంలో చేరాను చూడు, నన్ననాలి."

"వాడికి గడ్డముంటే నేనేం చెయ్యనే?"

"గడ్డం సంగతొదిలెయ్. పొద్దున లేస్తాను. నీళ్ళు పడతాను, ఇల్లు చిమ్ముతాను, నీకో కూర, నాకో కూర, మళ్ళీ నీకు మెత్తటన్నం, నాకు పొడన్నం. ఇవన్నీ అయ్యేసరికి బస్సు టౌను దాటిపోతోంది. బస్సు ఆపగలనన్నావు, ఆపలేకపోయావు. పోనీ, పొయ్యి వెలిగించగలవా?"

చాలాసేపు మాట లేదు. నిదానం ఆలోచిస్తున్నాడని గ్రహించి నేను పుస్తకం తీసుకుని నెమ్మదిగా వచ్చేశాను. అతని ఆలోచన పూర్తయ్యేదాకా నిలబడితే రాత్రి భోజనం పోతుంది.

ఏం తేలిందో మర్నాడు పొద్దున తెలిసింది. షాపు తలుపు మూసి ఉంది. వంటింటి కిటికీలోంచి పొగ, పొగలోంచి దగ్గు. నిదానం గడ్డాలకి కప్పే తెల్లగుడ్డ మెడకి కట్టుకుని, పొయ్యి ముందు కూర్చుని, చిక్కుడుకాయలకి కటింగు చేస్తున్నాడు. నిజంగానే కత్తెరతో. చిక్కుడుకాయల్ని దువ్వి వరసగా పేర్చి, ఎడం చేతి వేళ్ళ మధ్య పట్టుకుని, చివర్లు సమంగా కత్తిరిస్తున్నాడు.

"కొత్త కత్తెరే తమ్ముడూ, ఒట్టు" అన్నాడు నన్ను చూసి.

కూర ముక్కలన్నీ ఒకే పొడుగున్నాయని ఫ్యాక్టరీలో వదిన తోటివాళ్ళు ముక్కుమీద వేలేసుకున్నారట. ఒకావిడ మీ ఇంట్లో మిషనుందా అని అడిగిందట. ఉప్పు సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదని వదిన చెప్పింది. మొత్తానికి ఆవిడ తల దువ్వుకుని, అందరికంటే ముందొచ్చి బస్సులో మొదటి సీట్లో కూర్చోవడం మొదలుపెట్టింది. షాపు మాత్రం బస్సు వెళ్ళిపోయాకే తెరుచుకునేది. ఊళ్ళో మగవాళ్ళు గడ్డాలు పెంచుకుని, నిదానం పెళ్ళాం కొంగు పట్టుకున్నాడని ఆ గడ్డాలు నిమురుకుంటూ చెప్పుకునేవాళ్ళు.

వదిన పరీక్ష నెల ముగింపుకొచ్చింది. ఆఖరి రోజు పెద్ద సూపర్‌వైజరు స్వయంగా గేటు దగ్గర నిలబడతాడని ముందే చెప్పారు. ఆ రోజే టౌనువాళ్ళకి మా రోడ్డు మీద ప్రేమ పుట్టి, ఇటుక బట్టీ గోడ దగ్గర కొత్తగా తారు పోశారు.

పొద్దున నేను బస్సెక్కేసరికి వదిన అప్పటికే మొదటి సీట్లో ఉంది. ఒళ్ళో ఎర్ర డబ్బా. ఆవిడ వెనక సీట్లో కూర్చుని పుస్తకం తెరిచాను. కింద ఏదో అరుపు వినబడింది. జరిగిందేమిటంటే, తిరుగుతున్నప్పుడు చక్రానికి తారు అంటిందేమోనని డ్రైవరు దిగి వంగి చూశాడు. చక్రం మీది రేకుకి కూడా తారు అంటిందని ఆయన చూసుకోలేదు. ఆయన ఎడమ చెంప వెళ్ళి ఆ రేకుకి అతుక్కుపోయింది. కండక్టరు వెనక నుంచి నడుం పట్టుకుని లాగితే ఊడొచ్చాడు. గడ్డం సగం గట్టిపడిన నల్లటి పలకలా నిలబడింది.

"ఇది నూనెతో వదల్దన్నా. గీయించాల్సిందే" అన్నాడు కండక్టరు, నవ్వు ఆపుకుంటూ.

డ్రైవరు గబగబా నిదానం షాపు దగ్గరికి నడిచాడు. తలుపు మూసి ఉంది. తట్టాడు. ఆగాడు. గడియారం చూసుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నాడు.

"ఆయనెందుకు దిగాడు మరిదీ?" అంది వదిన.

"గడ్డానికి తారంటింది వదినా. గీయించుకోవాలట."

"అయ్యో, మరి మా ఆయనేడీ?" అని, అడగ్గానే తనకే గుర్తొచ్చి నెత్తిన చెయ్యి పెట్టుకుంది. కిటికీలోంచి సగం బయటికి వంగి కేక పెట్టింది. "ఏమయ్యో! షాపు తియ్యి!"

వంటింట్లోంచి జవాబొచ్చింది. "కూర పొయ్యి మీదుందే! మాడిపోద్ది!"

"మాడనీ!"

తలుపు తెరుచుకుంది. మెడకి తెల్లగుడ్డతో, చేతిలో గరిటెతో నిదానం ప్రత్యక్షమయ్యాడు. ఎదురుగా గడ్డం డ్రైవరు. కన్నార్పకుండా చూశాడు. తర్వాత గరిటె జాగ్రత్తగా దువ్వెనల పక్కన పెట్టి, "రండి సార్" అన్నాడు. ఆ రెండు మాటల్లో నెల రోజుల విరహం ఉంది.

ఈ వార్త ఊళ్ళో పాకినంత వేగంగా మా బస్సు ఎప్పుడూ పోలేదు. గడ్డం డ్రైవరు కుర్చీ ఎక్కాడట! అంతే, పరిగెత్తుకొస్తున్నవాళ్ళు నడవడం మొదలుపెట్టారు. నడుస్తున్నవాళ్ళు వెనక్కి తిరిగి ఇంకో టీ తాగడానికి పోయారు. పాత రోజులు తిరిగొచ్చాయి. సందు మొదట్లోంచి కేక వినబడింది.

"బాబాయ్! టీచరమ్మ జడ విప్పి మళ్ళీ వేసుకుంటోంది! నెమ్మదిగా కానివ్వు!"

"మావా! నేనింకా స్నానానికే పోలేదు!"

నిదానం మొహం చూడాలి. మళ్ళీ దీపం వెలిగింది. ఛాతీ విరుచుకున్నాడు. నీళ్ళు మోచేత్తో చూశాడు. చూసినదాని గురించి ఆలోచించాడు. కుంచె తిప్పి తిప్పి నురగ లేపాడు. తారు ముద్దలు కత్తెరతో తీసి, మిగిలిన చెంపకి నురగ పట్టించి, కత్తి రెండు గీతలు నడిపి ఆపాడు. వేలితో రాశాడు. నొసలు ముడిచాడు.

"కొంచెం గరుగ్గా ఉంది సార్..."

బస్సులో వదిన కిటికీ కమ్మీ పట్టుకుని కూర్చుంది. ఈసారి కేక పెట్టలేదు. డబ్బా సీటు మీద పెట్టి దిగి వెళ్ళి షాపు గుమ్మంలో నిలబడింది. అద్దంలో కుడివైపు, రసం పోని చోట, ఆవిడ కనబడింది. ఉన్నట్టుండి నిదానం చెయ్యి గాల్లో ఆగింది.

"ఊరందర్నీ ఎక్కించావు ఇన్నాళ్ళూ" అంది వదిన మామూలు గొంతుతో. "నేనెక్కి కూర్చున్నాను. నన్ను పంపించు."

సందులోంచి మళ్ళీ కేక. "మావా! సబ్బు కనబడట్లేదు!"

నిదానం ఒక్క క్షణం ఆ కేక వచ్చిన వైపు చూశాడు. ఒక్క క్షణం అద్దంలోకి చూశాడు. తర్వాత జరిగింది నేను బస్సు కిటికీలోంచి కళ్ళారా చూశాను గనక రాస్తున్నాను, విన్నదైతే నమ్మేవాణ్ణి కాదు. ఆ చెయ్యి కదిలింది. కత్తి మెరవడం తప్ప కదలడం కనబడలేదు. ఎడమ చెంప నున్నగా బయటపడింది. ఒక్క గాటు లేదు. నిదానం తువ్వాలు గాల్లోకి ఎత్తి విదిలించాడు.

"అయింది సార్."

"అయిందేమిటయ్యా? అటువైపు?"

"అది సాయంత్రం."

"ఇలా ఎలా పోతానయ్యా, సగం గడ్డంతో!"

"ఎనిమిదైంది సార్. టైమంటే టైమే అని మీరే అన్నారు" అన్నాడు నిదానం. ఆ మాట అనేటప్పుడు గొంతు ఏడుస్తున్నట్టుంది.

డ్రైవరు గడియారం చూసుకున్నాడు. పాపం, ఆయన మాటకే ఆయన దొరికిపోయాడు. అద్దంలోకి చూసుకున్నాడు. ఎడమ పక్క రసం పోయింది గనక గడ్డం ఉన్న సగమే కనబడింది. పర్లేదనుకున్నట్టున్నాడు. లేచి గబగబా వచ్చి సీట్లో కూర్చుని హారను కొట్టాడు.

ఆ హారను విని ఊరు గుండెలు బాదుకుంది. బస్సు కదులుతుండగా టీచరమ్మ పరిగెత్తుకొచ్చి ఎక్కింది, పైన సగం జడ, కింద సగం జుట్టు. బ్యాంకల్లుడు భుజాన తడవని తువ్వాలుతో, చేతిలో చెప్పులతో ఎక్కాడు. ఎక్కినవాడు డ్రైవరు వంక చూసి కిసుక్కుమన్నాడు. డ్రైవరు కుడిపక్కన కూర్చుంటాడు గదా, బస్సు లోపలివాళ్ళకి కనబడేది ఎడమ చెంపే. లోపలివాళ్ళకి స్కూలు పిల్లాడు బస్సు నడుపుతున్నాడు, రోడ్డు మీదవాళ్ళకి గడ్డపాయన నడుపుతున్నాడు.

"అన్నా, నీకు అర టిక్కెట్టు కొట్టనా?" అన్నాడు కండక్టరు.

అప్పుడు చూసుకున్నాడు డ్రైవరు బస్సు లోపలి అద్దంలో. ఆయన అన్న మాట టీచరమ్మ ముందు అనకూడనిది. కానీ బస్సు ఆపలేదు.

ఫ్యాక్టరీ స్టాపులో వదిన అందరికంటే ముందు దిగింది. సైరన్ అప్పటికే మోగుతోంది. కాపలాదారు గేటు నెడుతున్నాడు. చేతిలో పుస్తకం ఉందని కూడా మరిచిపోయి నేను కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాను. మూసుకుంటున్న గేటు సందులోంచి ముందు ఎర్ర డబ్బా దూరింది. దాని వెనకాల వదిన దూరింది. గేటు మూసుకుంది.

సాయంత్రం బస్సులో డ్రైవరు మొహానికి చేతిరుమాలు కట్టుకుని దొంగలా వచ్చాడు. రోజంతా పన్ను నొప్పా అని అడిగినవాళ్ళకి తల ఊపి ఊపి మెడ పట్టిందట. మాట్లాడకుండా వెళ్ళి కుర్చీలో కూర్చున్నాడు. బ్యాంకల్లుడు మాత్రం ఊరుకోలేదు.

"ఊరుని కాదని ఇంటిదాని మాట విన్నావు గదా మావా."

"నువ్వు కూడా నాలుగు రోజులు పొయ్యి ముందు కూర్చో అల్లుడూ" అన్నాడు నిదానం నురగ కలుపుతూ. "బస్సు ఎన్నింటికో నీకే తెలిసిపోద్ది."

వదిన వచ్చి బెంచీ మీద నా పక్కన కూలబడింది. "ఉంచుకున్నారు మరిదీ" అంది. అప్పుడు చూశాను, ఆవిడ మెళ్ళో బిళ్ళ అలాగే ఉంది. సంతోషంలో మేక్కి తగిలించడం మరిచిపోయి వచ్చేసింది. దాని మీద ఆవిడ పేరు నేను చదవడం అదే మొదలు. అలవాటు చొప్పున అక్షరం అక్షరం సరిచూశాను. తప్పుల్లేవు.

"ఇప్పుడు తొందరేం లేదయ్యా" అంది వదిన లోపలికి చూసి. "మెల్లగా గియ్యి."

నిదానం మెల్లగానే గీశాడు. నీళ్ళు మోచేత్తో చూశాడు. రెండో చెంప సగమయ్యేసరికి డ్రైవరు తల వెనక్కి వాలింది. గడియారమున్న చెయ్యి కుర్చీ పక్కకి వేలాడింది. కండక్టరు రెండుసార్లు హారను కొట్టి, ఎవరూ పట్టించుకోకపోతే తనూ వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. వదిన లేచి తెర తీసి లోపలికెళ్ళింది. కాసేపటికి వంటింట్లోంచి గిన్నె ఎత్తి కిందపెట్టిన చప్పుడు.

"ఏమయ్యోయ్! పొద్దున మాడిన గిన్నె ఇక్కడే ఉంది! దీన్నెవరు తోముతారు?"

నిదానం చప్పున వంగి, నిద్రపోతున్న డ్రైవరు నున్నటి చెంప మీద వేలితో రాశాడు. నొసలు ముడిచాడు.

"కొంచెం గరుగ్గా ఉంది సార్" అన్నాడు గట్టిగా, తెర అవతలికి వినబడేలా. "ఇంకో చెయ్యి వేస్తాను."